డెర్బీకి 99 టౌన్ కార్, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఓహయో_కుర్రాడు:
ఆగస్టులో మా కౌంటీ ఫెయిర్‌లో డెమోలిషన్ డెర్బీ ఉంది, అదే పాత కార్లతో ఒకరినొకరు గుద్దుకునే పోటీ. 99 లింకన్ టౌన్ కార్ 700 డాలర్లకే దొరికింది. ఇంజిన్ బాగుంది, రబ్బరు పాతబడి వెనక ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి బ్యాగులు) మాత్రం పూర్తిగా దిగిపోయింది. అద్దాలు, లైట్లు, ప్లాస్టిక్ అంతా పీకేశాం. డౌట్లు ఇవి: వెనక ఎయిర్ బ్యాగులు తీసి స్ప్రింగులు వేయాలా? పెట్రోల్ ట్యాంక్ ఎక్కడ పెట్టాలి? డోర్లు తెరుచుకోకుండా వెల్డా, గొలుసా? పెయింట్ ఏది ఆగుతుంది?

రేడియేటర్_రెడ్డి:
అవన్నీ తర్వాత తమ్ముడూ. ముందు డిక్కీలో ఎడమ పక్క లైనింగ్ వెనక చెయ్యి పెట్టి చూడు. చిన్న డబ్బా, పైన నొక్కే బటన్. అది ఇనర్షియా స్విచ్, గట్టి దెబ్బ తగిలితే పెట్రోల్ పంపు ఆపేస్తుంది. రోడ్డు మీద ప్రాణం కాపాడుతుంది, డెర్బీలో పరువు తీస్తుంది. పోయినేడాది నా పక్కనే ఒక గ్రాండ్ మార్క్విస్ మొదటి దెబ్బకే చచ్చి నిలబడింది. రేకు కూడా సరిగ్గా వంగలేదు. డ్రైవర్ తాళం తిప్పుతూనే ఉన్నాడు, ఈలోపు టైమ్ అయిపోయిందని బయటికి పంపేశారు. ఆ రెండు వైర్లూ కలిపెయ్. రేడియేటర్‌లో కూలెంట్ వద్దు, ఉత్త నీళ్ళే.

బఫెలో_బాబాయ్:
ఎయిర్ బ్యాగుల బదులు స్ప్రింగులేంటి? స్టీరింగ్‌లో స్ప్రింగు పెడతావా? హహ.

ఓహయో_కుర్రాడు:
సస్పెన్షన్ బ్యాగులు మహాప్రభో.

సీత_ఇండియానా:
నవ్వులకేం గానీ, గుద్దితే పేలే ఎయిర్ బ్యాగులు, స్టీరింగ్‌లోవీ పక్కలవీ కూడా తీసెయ్యాలి. బ్యాటరీ వైర్లు విప్పి, కాసేపు ఆగి, అప్పుడు ముట్టుకోండి.
ట్యాంక్ విషయం: కంపెనీ ట్యాంక్ పనికిరాదు. చిన్న ఇనుప ట్యాంక్‌ని వెనక సీటు ఉండే చోట, ఇనుప పట్టీలతో నేలకు బిగించండి. బ్యాటరీ ముందు ప్యాసింజర్ కాళ్ళ దగ్గర, మీద రబ్బరు మ్యాట్. అసలు తిప్పలు పంపుతో. ఒరిజినల్ పంపు పాత ట్యాంక్ లోపలే ఉంటుంది, దాంతోపాటే పోతుంది. పాత కార్బ్యురేటర్ బండి పంపు తెచ్చి పెడితే ఈ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్‌కి ప్రెషర్ చాలదు. పంపు స్విచ్ బయటివాళ్ళ చేతికి కూడా అందాలి, మంట లేస్తే ఆపాల్సింది వాళ్ళే.


పాతఇనుము:
నేను 20 ఏళ్ళుగా డెర్బీలు ఆడుతున్నాను. టౌన్ కార్‌తో ఏం ఆడతారు? ఆడితే క్రైస్లర్ వాళ్ళ పాత పెద్ద కారు ఇంపీరియల్‌తో ఆడాలి. మా ఊళ్ళో ఒక బార్న్‌లో 73 మోడల్ ఉంది. వంచే మొనగాడు లేడు. అందుకే సగం చోట్ల ఇంపీరియల్‌ని బ్యాన్ చేశారు.

మిల్వాకీ_మధు:
ఎక్కువ చోట్ల బ్యాన్ ఉన్నది 64 నుంచి 66 మోడళ్ళకండీ. 67లో యూనిబాడీకి, అంటే బాడీ, ఛాసిస్ ఒకటే అయిన తీరుకి మారింది. 73కి విడి ఛాసిస్సే లేదు.

పాతఇనుము:
నెట్‌లో చదివి చెప్పేవాళ్ళు ఎక్కువైపోయారు. నేను కింద పడుకుని కళ్ళారా చూశాను, రైల్స్ ఉన్నాయి.

మిల్వాకీ_మధు:
మీరు చూసింది ముందు బోల్టులతో బిగించిన సబ్‌ఫ్రేమ్, అంటే ముందు భాగానికే ఉండే చిన్న ఫ్రేమ్. చేత్తో తడుముకుంటూ వెనక్కి రండి, ఎక్కడ ఆగిపోతుందో మీకే తెలుస్తుంది. 66 బండికి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఛాసిస్ విడిగా ఉంటుంది. అది మొండిది కాబట్టే బ్యాన్.

పాతఇనుము:
నువ్వు పుట్టకముందే నేను వెల్డింగ్ టార్చ్ పట్టాను. నాకు ఛాసిస్ పాఠాలు చెప్పకు.

బఫెలో_బాబాయ్:
66 ఇంపీరియల్‌ని గుద్ది తుక్కు చేయడానికి చేతులెలా వస్తాయండీ? మా నాన్న కాంటెస్సాని అమ్మినరోజు ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

పాతఇనుము:
చేతులు రానివాళ్ళు పూజ చేసుకోండి. ఇది డెర్బీ చర్చ.

నల్గొండ_నవీన్:
పిల్లగాడు అడిగిందొకటి, మీరు కొట్లాడేదొకటి. తమ్మీ, వెల్డు గురించి నాది విను. మా ఫెయిర్‌లో రూల్ 5 అంగుళాలు వెల్డు, 5 అంగుళాలు ఖాళీ. రాత్రంతా కూర్చుని డోర్లు అతికించిన. పొద్దున ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన టేపు పెట్టి కొలిచి, ఆరంగుళాలు ఉందని గ్రైండర్ చేతికిచ్చి కోసెయ్యమన్నడు. పక్క బండికి కింద నుంచి పై దాకా ఒకటే గీతలాగా వెల్డు. అతను లోకల్ అన్నా, ఏమనరు. నేను మాత్రం ఎండల నిలబడి కోసిన.

రేడియేటర్_రెడ్డి:
లోకల్ అని కాదు నవీన్. అతనిది వేరే క్లాస్ అయ్యుంటుంది. వెల్డెడ్ క్లాస్‌లో పూర్తిగా అతికించొచ్చు.

నల్గొండ_నవీన్:
ఒకే హీట్‌ల, అంటే ఒకే రౌండ్‌ల ఇద్దరం ఆడినం అన్నా. నన్ను గుద్దింది కూడా అతనే. వేరే క్లాస్ ఎట్ల అయితది?

సీత_ఇండియానా:
అందుకే నేను గొలుసూ 9 నంబర్ లావు ఇనుప తీగా తప్ప వెల్డు జోలికే పోను. తీగని టేపు పెట్టి కొలిచేవాడు ఇంకా పుట్టలేదు. డ్రైవర్ డోర్‌కి మాత్రం లోపల గట్టి ప్లేటు తప్పదు. అటు గుద్దకూడదని రూల్ ఉంటుంది, దుమ్ములో ఎవడికి కనబడుతుంది?

ఓహయో_కుర్రాడు:
రెడ్డి అన్నా, స్విచ్ దొరికింది! థాంక్స్. కానీ స్ప్రింగుల సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, తాళంలో చిప్ ఉంది. ఒకటే తాళం ఇచ్చారు. అది పోతే?

మిల్వాకీ_మధు:
పోతే చిప్ లేని తాళంతో బండి స్టార్టే అవ్వదు. తాళాన్ని స్టీరింగ్ కాలమ్‌కి తీగతో కట్టెయ్యి. స్ప్రింగులు వేయాల్సిందే. జాకీ పెట్టే ముందు డిక్కీలో ఎయిర్ సస్పెన్షన్ స్విచ్ ఆఫ్ చెయ్, మర్చిపోకు. కాయిల్ స్ప్రింగుల కిట్ నా గ్యారేజీలో ఒకటి మిగిలింది, షిప్పింగ్ పెట్టుకుంటే పంపిస్తా.
పాతఇనుము గారూ, ఆ బార్న్ ఎక్కడో మెసేజ్ చేయండి. నేనే వచ్చి 73 కింద దూరి చూస్తాను.

పాతఇనుము:
రా. టార్చ్‌లైట్ నీదే తెచ్చుకో.