మేరీ కోమ్: 48 కిలోల స్వర్ణాలు గొప్పవా, 51 కిలోల ఒలింపిక్ కాంస్యం గొప్పదా?

గాజువాక శ్రీను: మేరీ కోమ్ ప్రపంచ పోటీల్లో ఆరు స్వర్ణాలు గెలిచింది. 2002లో 45 కిలోల బరువు విభాగంలో, 2005, 2006, 2008ల్లో 46 కిలోల్లో, 2010, 2018ల్లో 48 కిలోల్లో. 51లో ఒక్కటీ లేదు. ఆ బరువులో ప్రపంచ పోటీల్లో వచ్చింది 2019 కాంస్యమే. నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల్లో, 2023లో 50 కిలోల్లో గెలిచింది. ఆరు, రెండు అని అంకెలు పక్కపక్కన పెట్టి ఎవరు గొప్పో తేల్చేయడం తప్పు. ఏ బరువులో గెలిచారో చూడాలి.

ఉక్కునగరం పాత బాక్సర్: 51లో మేరీ కోమ్‌కు ఏమీ లేనట్టు రాశారేమిటి? 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల స్వర్ణం 51లోనే. 2012 దాకా ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగే లేదు. లండన్‌లో పెట్టిన బరువులు మూడే: 51, 60, 75. చిన్న బరువు బాక్సర్లు పైకి వెళ్లాలి, లేదా ఒలింపిక్స్ మరచిపోవాలి. కవలల తల్లి అయ్యాక ఆమె పైకి వెళ్లింది. సెమీస్‌లో బ్రిటన్ బాక్సర్ నికోలా ఆడమ్స్ చేతిలో 6-11తో ఓడింది, కాంస్యం తెచ్చింది. ఆడమ్స్ ఆమె కంటే పొడగరి. ముందు చేత్తో నేరుగా కొట్టే జాబ్ దెబ్బతోనే దూరంగా నిలబెట్టేస్తుంది. లోపలికి చొరబడాలంటే రెండు దెబ్బలు తినడానికి సిద్ధపడి మూడోది కొట్టాలి. రింగులో నిలబడిన వాళ్లకు ఆ నొప్పి తెలుసు.

సాగరతీరం: ఇద్దరూ మనవాళ్లే. ఈ పోలిక ఎందుకు?

గాజువాక శ్రీను: ఆసియా క్రీడలు వేరు, ప్రపంచ పోటీలు వేరు. 51లో ప్రపంచ స్వర్ణం ఉందా, లేదా? అంతే చెప్పండి.

కొమ్మాది లక్ష్మి: నిఖత్ 2009లో మన విశాఖ సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో కోచ్ ఐ.వి.రావు గారి దగ్గర శిక్షణ పొందింది. ఆ సంగతి ఎవరూ ఎత్తరే?

ఉక్కునగరం పాత బాక్సర్: శ్రీను గారూ, 51లో ప్రపంచ స్వర్ణం లేదు. అయితే ఏమిటి? 48లో ఉండడం సుఖమనుకుంటున్నారా? 2018లో పోలండ్ టోర్నీకి తెల్లవారుజామున దిగేసరికి మేరీ కోమ్ రెండు కిలోలు ఎక్కువ ఉంది. తూకానికి నాలుగు గంటలే గడువు. గంటసేపు ఆగకుండా స్కిప్పింగ్ చేసి దించుకుంది, ఆ టోర్నీలో స్వర్ణమూ గెలిచింది. చిన్న బరువు అంటే చిన్న పని కాదు.

గాజువాక శ్రీను: రెండు కిలోల విలువ నాకు మీరు చెప్పనక్కర లేదు. మా అమ్మాయి ఏడాదంతా 48కి సిద్ధమైంది. ఎంపికల రోజు పొద్దున తూకం దగ్గర నిలబెట్టి, ‘ఆ బరువుకు వేరే అమ్మాయిని ముందే అనుకున్నాం, 52లో ఆడు’ అన్నారు. మొదటి రౌండులోనే పెదవి చిట్లింది. పై బరువు అంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను.

ఉక్కునగరం పాత బాక్సర్: మరి అదే కదా నేనూ చెబుతున్నది! పై బరువు అంత కష్టమైతే, అక్కడికి వెళ్లి ఒలింపిక్ పతకం తెచ్చిన మనిషిని తక్కువ చేయడానికి మీకు మనసెలా వచ్చింది?

గాజువాక శ్రీను: నా బిడ్డకు తగిలిన దెబ్బను మీ వాదనకు వాడుకోకండి. మేరీ కోమ్ తన ఇష్టంతో వెళ్లింది. మా అమ్మాయిని తోసేశారు. 2019లో ప్రపంచ పోటీలకు ట్రయల్స్ (ఎంపిక పోరు) లేకుండానే మేరీ కోమ్‌ను పంపారు. ఒలింపిక్ అర్హత పోటీలకూ అలాగే పంపేలా ఉంటే, నిఖత్ క్రీడా మంత్రికి లేఖ రాయాల్సి వచ్చింది. పేరున్న వాళ్లుంటే వెనక ఉన్న పిల్లలు తలుపు దగ్గరే ఆగిపోవాలా?

సాగరతీరం: అయితే గొడవ కిలోల గురించి కాదన్నమాట.

ఉక్కునగరం పాత బాక్సర్: ఆ డిసెంబరులో ట్రయల్ జరిగింది కదా, 9-1తో మేరీ కోమే గెలిచింది. ప్రపంచ పోటీల్లో ఎనిమిది పతకాలు తెచ్చిన మనిషిని ఒక్క పోరుతో తూచడం నాకు ఇప్పటికీ నచ్చదు. ఎవరికైనా ఒక చెడ్డ రోజు ఉంటుంది. పాత ఫలితాలకు విలువ ఇవ్వకపోతే ఇన్నేళ్ల శ్రమకు అర్థమేముంది?

గాజువాక శ్రీను: 2019 ప్రపంచ పోటీల్లో ఆమె 5-0తో ఓడించిన కొలంబియా అమ్మాయి వలెన్సియా గుర్తుందా? టోక్యోలో అదే వలెన్సియా 3-2తో ఈమెను ఇంటికి పంపింది. రెండేళ్లు కూడా గడవలేదు. పాత గెలుపు కొత్త పోరుకు హామీ కాదు. ఎవరు బాగున్నారో రింగులోనే తేలాలి. ఓడిపోయినా సరే, ఆడించాలి. నేను అడిగేది అంతే.

కొమ్మాది లక్ష్మి: శ్రీను గారూ, అమ్మాయి ఇప్పుడు ఏ బరువులో ఆడుతోంది?

గాజువాక శ్రీను: 48లోనే అండీ. వచ్చే ఎంపికలకు ప్రతి బరువులో ఎవరెవరు తలపడతారో ముందు రోజే గోడ మీద అతికించాలని అర్జీ రాశాను. మీ పిల్లలు ఆడుతుంటే మీరూ సంతకం చేయండి.

ఉక్కునగరం పాత బాక్సర్: అర్జీ పంపండి, సంతకం చేస్తాను. లండన్ కాంస్యం గురించి నేనడిగిన దానికి మాత్రం మీరింకా జవాబు చెప్పలేదు.