ఓవరీ ఆపరేషన్ అయ్యి 11 వారాలు, కుడివైపు నొప్పి పోవట్లేదు. డాక్టర్‌కి ఎలా చెప్పాలి?

బాల్కనీ_తులసి: హాయ్ అందరికీ. నాకు 34, ఉండేది మియాపూర్. ఎడమ ఓవరీలో 7 సెంటీమీటర్ల డెర్మాయిడ్ సిస్ట్ (ఒక రకం గడ్డ) ఉందని లాప్రోస్కోపీ, అదే చిన్న కోతల్లోంచి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్, చేసి సిస్ట్ ఒక్కటే తీసి ఓవరీ ఉంచారు. లోపల వెంట్రుకలు, కొవ్వు ఉన్నాయట, ఆ ఫొటో మా ఆయన చూపిస్తే రెండు రోజులు అన్నం సయించలేదు, సరే అది వదిలేయండి. మొదట్లో భుజం నొప్పి వచ్చింది, పొట్టలోకి ఎక్కించిన గ్యాస్ వల్ల అన్నారు, నాలుగు రోజుల్లో పోయింది. కుట్లు మానాయి, మూడో వారంలో ల్యాప్‌టాప్ కూడా తెరిచేశా.

ఇప్పుడు బాధ ఏంటంటే కుడివైపు కింద ఉన్న చిన్న కోత పక్కన, సరిగ్గా లంగా బొందు ముడి పడే చోట, వేలు పెట్టి చూపించగలను అంత చిన్న చోటు, పక్కకి తిరిగి పడుకున్నా ఆటో స్పీడ్ బ్రేకర్ ఎక్కినా చురుక్కుమంటుంది, ఒక్కోసారి మంట గజ్జ మీదుగా తొడ దాకా పాకుతుంది. సిస్ట్ ఎడమవైపు, నొప్పి కుడివైపు, దాంతో నా మీద నాకే అనుమానం. చెకప్‌కి వెళ్తే గంటన్నర బయట, మూడు నిమిషాలు లోపల. ఆవిడ ఎలా ఉంది అనగానే నా నోట్లోంచి "బానే ఉంది మేడమ్" అని వచ్చేసింది!! లిఫ్ట్ దిగేలోపు ఏడుపొచ్చింది. ఇంట్లో చెప్తే మా అత్తయ్య "సిజేరియన్ అయిన పదో రోజే బావిలో నీళ్లు తోడాను" అంటారు. ఎవరికైనా ఇలా ఉందా?

దిల్‌సుఖ్‌నగర్_అక్క: చెల్లీ ఆ "బానే ఉంది" అనే మాట వల్లే నేను ఏడు నెలలు పోగొట్టుకున్నా. నాకు 43లో గర్భసంచితో పాటు రెండు ఓవరీలూ తీసేశారు. అప్పట్నుంచి రాత్రి రెండింటికి ఒళ్లంతా సెగ, దిండు తడిసిపోయేది, ఫ్యాన్ ఐదులో పెడితే మా ఆయన దుప్పటి ముసుగేసి తిట్టేవారు. పొద్దున్న వేళ్లు ముడుచుకోవు, ఊరికే కోపం. ఎండాకాలం కదా, బీపీ కదా అనుకుంటూ గడిపేశా. రెండు ఓవరీలూ తీస్తే నెలసరి ఆగే దశ ఒక్క రోజులో మీద పడుతుందని నాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు, చెప్పారేమో ఆ మత్తులో నాకు ఎక్కలేదేమో కూడా. తర్వాత వేరే డాక్టర్ దగ్గర చెప్తే ఎముకల సాంద్రత చూడ్డానికి డెక్సా స్కాన్ రాసి, హార్మోన్ల మందు గురించి మాట్లాడారు. చిన్న వయసులో రెండూ తీసినవాళ్లకి, వేరే అడ్డంకి లేకపోతే, మామూలుగా నెలసరి ఆగే వయసు దాకా ఆ మందు ఇస్తారట. మా అక్కకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది కాబట్టి నా విషయంలో ముందు పరీక్షలన్నీ చూసి అప్పుడు మొదలెట్టారు. ఒకరి చీటీ చూసి ఇంకొకరు కొనుక్కునేది కాదు.

గల్లీ_క్రికెట్: భర్తగా రాస్తున్నా, తిట్టకండి. మా ఆవిడకి కుడి ఓవరీ తీసేశారు. చెకప్‌లో డాక్టర్ ఆమెని అడిగితే నేనే "పర్లేదు మేడమ్, ఇంటి పని చేసుకుంటోంది" అని జవాబిచ్చా. ఇంటికొచ్చాక తను రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాతి సారి నేను ఫైల్ పట్టుకుని నోరు మూసుకుని కూర్చున్నా, తను మూత్రానికి కూర్చుంటే నొప్పి, కలయికప్పుడు నొప్పి అని నా ముందే చెప్పింది, నాకు ఒక్కటీ తెలీదు.

నల్లకుంట_నీళ్లు: నాది డెర్మాయిడ్ గాదు, చాక్లెట్ సిస్ట్. నేను గూడ మస్తు రోజులు ఊకున్న అక్కా. తీసేసిన్రు గద ఇంక నొప్పేంది అని ఇంట్ల అంటుంటె నాకు గూడ గట్లనే అనిపిచ్చింది. కానీ అది ఎండోమెట్రియోసిస్, అంటె గర్భసంచి లోపలి పొర అసుంటిది బయట పెరిగే జబ్బు, సిస్ట్ తీసినంత మాత్రాన జబ్బు మొత్తం పోదు, మళ్ల రావొచ్చు. నేను చేసిన పెద్ద తప్పు బయాప్సీ రిపోర్ట్ తెచ్చుకోకపోవుడు. వారంల వచ్చిన రిపోర్టు రెండు నెలలు కౌంటర్ల పడి ఉన్నది, ఎవ్వరు ఫోన్ చెయ్యలె. అది చూసినంకనే డైనోజెస్ట్ అని హార్మోన్ గోలీలు రాసిన్రు. నీ రిపోర్ట్ తెచ్చుకున్నవా? డిశ్చార్జ్ సమ్మరీతోని పాటు ఆపరేషన్ నోట్స్ గూడ అడుగు, ఏడేడ కోతలు పెట్టిన్రో అండ్ల ఉంటది.

పేరు_వద్దు: పథ్యం చెయ్యలేదేమో చూడండి. వంకాయ, గోంగూర, శనగపిండి తింటే చీము పడుతుంది. నడుం కట్టు వేసుకున్నారా?

నైట్‌షిఫ్ట్_నర్స్: పేరు వద్దు గారూ, వంకాయకీ చీముకీ సంబంధం లేదండీ, పైగా 11 వారాలైంది. మా వార్డులో ఆపరేషన్ అయినవాళ్లకి పప్పు కూడా పెట్టకుండా చారన్నం మీద ఉంచి, నీరసం అని మళ్లీ మా దగ్గరికే తెస్తారు.

తులసి గారూ, ముందు భయపడాల్సినవి చెప్పేస్తా, ఇవి ఉంటే ఇక్కడ రాస్తూ కూర్చోకుండా వెళ్లిపోవాలి, రాత్రయితే 108కి చెయ్యాలి: జ్వరం 100.4 దాటడం, వాసనతో డిశ్చార్జ్, కోత దగ్గర ఎర్రగా వాచి చీము, పొట్ట ఉబ్బి వాంతులై గ్యాస్ కూడా పోకపోవడం, ఒక పిక్క వాచి నొప్పి, ఆయాసం. మీరు చెప్పేదాంట్లో ఇవేవీ లేవు, కానీ మంట గీత గీసినట్టు గజ్జ మీదుగా తొడ దాకా వెళ్తోంది అన్నారు చూడండి, ఆ ఒక్క మాట చాలు డాక్టర్ చెవి నిక్కబొడుచుకోవడానికి. కింది కోతల దగ్గరగా నరాలు పోతుంటాయి, మచ్చలో అవి చిక్కుకుంటే ఇలాగే ఉంటుంది. సిస్ట్ ఏ వైపున్నా కోతలు రెండు వైపులా పెడతారు కదా. అయితే చూడకుండా ఇదే అని నేను అనను, హెర్నియా (పొట్ట గోడ బలహీనమైన చోట లోపలిది బయటికి పొడుచుకురావడం) కూడా ఉండొచ్చు.

వెళ్లేటప్పుడు "కొంచెం నొప్పి" అనకండి, మా దగ్గర రోజుకి యాభై మంది అదే అంటారు. ఎన్నాళ్ల నుంచి, ఎక్కడ, దేనివల్ల ఏ పని ఆగిపోయింది, ఈ మూడూ చీటీ మీద రాసుకుని గదిలోకి వెళ్లగానే చేతికివ్వండి.

బాల్కనీ_తులసి: చీటీ రాస్తున్నా. "లంగా బొందు కట్టుకోలేక 6 వారాలుగా నైటీలోనే ఉంటున్నా, మెట్రో మెట్లకి బదులు లిఫ్ట్, నీళ్ల బబుల్ పక్కింటబ్బాయి ఎత్తుతున్నాడు." రిపోర్ట్ తెచ్చుకున్నా, డెర్మాయిడే, క్యాన్సర్ లేదు.

బాల్కనీ_తులసి: (తొమ్మిది రోజుల తర్వాత) వెళ్లొచ్చా!! అదే డాక్టర్. చీటీ చదివి, కళ్లద్దాలు తీసి, "పోయినసారి ఎందుకు చెప్పలేదమ్మా" అన్నారు, గంటన్నర కూర్చున్న కోపంతో "మీరు ఫైల్ చూస్తూ అడిగారు మేడమ్" అనేశా, ఎలా వచ్చిందో ఆ మాట. ఆవిడ ఏమీ అనకుండా మంచం మీద పడుకోమని, ఆ చోట వేలితో నొక్కి పట్టుకుని, చేతులు ఛాతీ మీద పెట్టుకుని తల పైకెత్తమన్నారు. ఎత్తగానే ప్రాణం పోయినట్టైంది. లోపలి నొప్పైతే తల ఎత్తినప్పుడు తగ్గాలట, పెరిగితే పొట్ట గోడదట, కండరమో నరమో. హెర్నియా లేదని స్కాన్ చేయించి, మొన్న పెయిన్ క్లినిక్‌లో ఆ చోటే మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. పది నిమిషాల్లో మాయం, అందుకే నరమే అని తేల్చారు. రాత్రికి సగం తిరిగొచ్చింది, ఇంకో రెండు సార్లు ఇవ్వాల్సి రావొచ్చు, మధ్యలో ఫిజియో. అత్తయ్యకి చెప్తే కాసేపాగి, "నాకూ ఆ కోత దగ్గర చలికాలం ఇప్పటికీ లాగుతుందే" అన్నారు.

దిల్‌సుఖ్‌నగర్_అక్క: ఆవిడ్ని కూడా తీసుకెళ్లు చెల్లీ. నైటీలోంచి బయటపడ్డావా?

బాల్కనీ_తులసి: చుడీదార్ దాకా వచ్చా అక్కా, అదీ ఎలాస్టిక్‌ది. ఎవరికైనా మియాపూర్, కూకట్‌పల్లి వైపు ఆడవాళ్లకి చేసే మంచి ఫిజియో తెలిస్తే మెసేజ్ పెట్టండి, ఇద్దరం వస్తాం.