ఎంఆర్ఐ, సీటీ ఇమేజ్‌లు ఇంకా స్పష్టంగా రావాలంటే మీరేం చేస్తున్నారు?

కొత్తటెక్నీషియన్: నడుము ఎంఆర్ఐ సాజిటల్‌లో (పక్క నుంచి చూసినట్టుండే ఇమేజ్‌లో) వెన్నుపూసల మీదుగా నీడల్లాంటి గీతలు వస్తున్నాయి. యావరేజ్‌లు (అదే సిగ్నల్‌ను మళ్లీ మళ్లీ తీసి సగటు చేయడం) పెంచితే టైమ్ పెరిగింది గానీ గీతలు పూర్తిగా పోలేదు. సీటీలో పొట్ట ఇమేజ్‌లు కూడా గరుగ్గా ఉంటున్నాయి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కాయిల్‌రూమ్: యావరేజ్‌లు రెట్టింపు చేస్తే టైమ్ రెట్టింపవుతుంది, సిగ్నల్-నాయిస్ నిష్పత్తి పెరిగేది మాత్రం సుమారు 1.4 రెట్లే. అయినా మీ ఎంఆర్ఐ సమస్య నాయిస్ (ఇమేజ్‌లో గరుకుదనం) కాదండీ, కదలిక. ఊపిరికి పొట్ట కదిలినా, రక్తనాళం కొట్టుకున్నా ఆ నీడ ఫేజ్ దిశలోనే (స్కానర్ సిగ్నల్‌ను అంచెలంచెలుగా నమోదు చేసే దిశ) పరుచుకుంటుంది. ఫేజ్ ముందు-వెనకలకు ఉంటే తల-కాళ్ల దిశకు మార్చి, ఓవర్‌శాంప్లింగ్ (ఫ్రేమ్ బయటి భాగాల సిగ్నల్ కూడా తీసుకోవడం) పెట్టండి. లేకపోతే పై భాగాలు, కింది భాగాలు వచ్చి ఇమేజ్ మీద మడతపడతాయి. వెన్నుకు ముందువైపు సాట్ బ్యాండ్ (ఆ పట్టీలోని సిగ్నల్‌ను అణిచేసేది) కూడా వేయండి.

నైట్‌డ్యూటీ: అన్నిటికంటే ముందు మోకాళ్ల కింద దిండు పెట్టండి. నడుం నొప్పితో వచ్చిన మనిషి కాళ్లు చాపుకుని కదలకుండా ఎంతసేపని పడుకుంటారు? ప్రతి సీక్వెన్స్‌కీ (ఒక్కో విడత స్కాన్‌కీ) ముందు "ఇది నాలుగు నిమిషాలు" అని మైకులో చెప్పండి. ముఖ్యమైన సీక్వెన్స్ మొదట్లోనే తీసేయండి, ఓపిక తగ్గేది చివర్లోనే.

సీటీ_డెస్క్: సీటీ సంగతి నేను చెప్తాను. పేషెంట్‌ను గ్యాంట్రీకి (సీటీ మెషీన్ రింగ్‌కి) సరిగ్గా మధ్యలో పెడుతున్నారా? స్కౌట్‌కి (స్కాన్‌కి ముందు తీసే ప్లానింగ్ ఇమేజ్‌కి) ఎక్స్-రే ట్యూబ్ పైన ఉండి, టేబుల్ మరీ కిందకి ఉంటే మనిషి ఉన్నదానికంటే సన్నగా కనిపిస్తారు. ఆటో ఎంఏ (మనిషి సైజును బట్టి ట్యూబ్ కరెంట్‌ను సెట్ చేసేది) దాన్నే నమ్మి కరెంట్ తగ్గించేస్తుంది, ఇమేజ్ గరుగ్గా వస్తుంది. చేతులు తల పైకి పెట్టించండి, లేకపోతే అడ్డంగా చారలు పడతాయి. దయచేసి వెంటనే డోస్ పెంచకండి. నాయిస్ సగం కావాలంటే డోస్ నాలుగింతలు చేయాలి, అది పేషెంట్ ఒంటికి తగిలే రేడియేషన్. 1.25 మి.మీ. స్లైస్‌లను 5 మి.మీ.గా చేసి, సాఫ్ట్ కెర్నెల్‌లో (ఇమేజ్‌ను నున్నగా చేసే ఫిల్టర్‌లో) చూసినా నాయిస్ బాగా తగ్గుతుంది.

రిపోర్ట్‌రూమ్: సీటీలో ఏఐ రీకన్‌స్ట్రక్షన్ (ఏఐతో నాయిస్ తగ్గించి ఇమేజ్ తయారుచేయడం) బాగా పెంచితే ఇమేజ్ నున్నగా, అందంగా ఉంటుంది. కానీ కాలేయంలో చిన్న, మసక మచ్చలు అందులో కలిసిపోవచ్చు. చదివే డాక్టర్‌ను అడిగే లెవెల్ పెట్టండి.

కొత్తటెక్నీషియన్: చాలా థాంక్స్ అండీ. వెన్నులో స్క్రూలు ఉన్నవాళ్లకి?

కాయిల్‌రూమ్: ఆ ఇంప్లాంట్ ఎంఆర్ఐకి, మీ మెషీన్ టెస్లాకి (అయస్కాంత శక్తికి) సురక్షితమో కాదో ముందు పేపర్లు చూసి తేల్చుకోండి. ఆ తర్వాత వీలుంటే 3 టెస్లా బదులు 1.5లో చేయండి. లోహం చుట్టూ ఇమేజ్ ఎక్కువ చెడగొట్టే గ్రేడియంట్ ఎకో సీక్వెన్స్ వద్దు, ఫాస్ట్ స్పిన్ ఎకో సీక్వెన్స్ వాడి బ్యాండ్‌విడ్త్ (సిగ్నల్ చదివే ఫ్రీక్వెన్సీల వెడల్పు) పెంచండి. లోహం దగ్గర మామూలు ఫ్యాట్ సాట్ (కొవ్వు సిగ్నల్‌ను అణచడం) సరిగా పనిచేయదు, కొవ్వును వేరే పద్ధతిలో అణిచే స్టిర్ సీక్వెన్స్ వేయండి. అయితే కాంట్రాస్ట్ మందు ఇచ్చాక స్టిర్ వేయకండి, మెరవాల్సిన చోటే నల్లబడిపోవచ్చు.