చూరా, పంచా?

మసాచుసెట్స్‌లోని నార్త్ ఈస్టన్ అనే చిన్న ఊరి పాత రైల్వే డిపో మీద వ్యాసం రాస్తున్నాను. (డిపో అనగానే మనకు బస్సులు గుర్తొస్తాయి గానీ, అమెరికాలో రైలు స్టేషన్‌నీ అలాగే అంటారు.) అమెరికన్ వాస్తుశిల్పి హెచ్.హెచ్. రిచర్డ్‌సన్ గీసిన కట్టడం, 1884లో పూర్తయింది. మొరటు గ్రానైటు గోడలు, అర్ధచంద్రాకారపు పెద్ద కమానులు. అయినా ముందు కంటికి ఆనేది కప్పే. గోడలు దాటి బాగా ముందుకొచ్చి కిందికి వంగి ఉంటుంది. "చూరు" అని రాస్తే ఎందుకో చిన్నదైపోతోంది. మరో మాట ఉందా?

— చూరంటే కప్పు చివరి అంచు, వాననీళ్ళు జారే చోటు. "చూరు పట్టుకు వేలాడుతున్నాడు" అంటే చేతికి చిక్కింది ఆ అంచే. మీరు చెప్పేది దాని కింద మనిషి నిలబడే జాగా. అది పంచ.

— పంచ అంటే ఈ రోజుల్లో ధోవతి అనుకుంటారండీ! వసారా అనకూడదూ?

— మా వైపు వసారా అంటే ఇంటికి ఆనించి విడిగా దించింది, ముందు స్తంభాలతో. ఇక్కడ అసలు కప్పే సాగి నీడ ఇస్తోంది కదా. "పంచన చేరడం" పుట్టింది అలాంటి నీడలోనే.

— చిక్కల్లా అక్కడే మాష్టారూ. "ఒకరి పంచన బతకడం" అంటే పరాధీనమేగా. రైలు కోసం నిలబడ్డవాళ్ళకు ఆ మాట అంటగడతామా?

— ప్రయాణికుల మాటేమో గానీ, ఆ ఊరికి బాగా అతుకుతుంది! 1881లో రిచర్డ్‌సన్‌కు ఆ పని అప్పగించింది ఫ్రెడరిక్ లోత్రాప్ ఏమ్స్, ఓల్డ్ కాలనీ రైల్వే డైరెక్టర్లలో ఒకరు. ఏమ్స్ వాళ్ళది పారల కర్మాగారం, అప్పట్లో ఊరికి అదే బతుకుతెరువు. గ్రంథాలయం, సభామందిరం కూడా ఆ కుటుంబం పేరు మీదే వెలిశాయి, రెండూ రిచర్డ్‌సన్ చేతి పనే. ఊరు ఊరంతా ఏమ్స్ వాళ్ళ పంచనే ఉండేదన్నమాట.

— ఇది బాగుంది. లోపల ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వేర్వేరు గదులు, బయట మాత్రం అందరికీ ఒకటే పంచ అని రాసుకుంటాను. ధోవతి గొడవ రాకుండా మొదటిసారి "చూరు కింది పంచ" అనేస్తే సరి.