ఇంకుడు గుంత తవ్వించినా మిద్దె నీళ్లు ఇంకడం లేదు, ఎవరైనా చెప్పండి

మిద్దె తులసి:
అనంతపురం. పొద్దున్నుంచి బకెట్లతో తోడుతూనే ఉన్నా, నడుం పడిపోయింది. ఎండాకాలంలో అంత ఖర్చు పెట్టి ఇంకుడు గుంత తవ్విస్తే రాత్రి వానకు నిండిపోయి నీళ్లు గడప దాకా వచ్చాయి. మూడున్నర అడుగుల చదరం, ఐదడుగుల లోతు. రాళ్లు, కంకర, పైన ఇసుక, అన్నీ వేయించాను. తప్పెక్కడ?

మేస్త్రీ కొడుకు:
మట్టి ఎర్రదా, నల్లరేగడా?

వంక గట్టు:
మట్టి సంగతి తర్వాత. 2022 అక్టోబర్‌లో అనంతపురం మధ్య పారే వాగు, నడిమివంక పొంగి కాలనీలు మునిగింది మరిచిపోయామా? ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప అనుకునే ఊళ్లో ముంపు ఎందుకొచ్చింది? వంకల్లోనే ఇళ్లు కట్టాం కాబట్టి. ముందు వంక వెడల్పు చేయాలి. ఇంటికో గుంతతో అయ్యే పని కాదిది.

వానలెక్క:
వంక మాట నిజమే అన్నా. కానీ వీధిలో ప్రతి మిద్దె నీళ్లూ ఒక్కసారే వంక మీద పడుతున్నాయి. ఎక్కడి నీళ్లు అక్కడ కాసేపు ఆగితే చాలు, పొంగు తగ్గుతుంది.
తులసక్కా, మిద్దె ఎంత? మూడు సెంట్లనుకుందాం, అంటే 120 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన పడితే 6,000 లీటర్లు. మీ గుంత ఖాళీగా ఉంటే 1,700 పడుతుంది. రాళ్లు నింపాక సందుల్లో నిలిచేది 700 లీటర్లే. మిగతాది పోవడానికి దారి ఇచ్చారా? పొంగు పైపు పెట్టి, కాంపౌండ్ పక్కన జానెడు పల్లం చేసి మొక్కల పాదుల్లోకి వదలండి.

కొత్త సభ్యుడు:
దీన్ని సోక్ పిట్ అనాలి కదా?

వానలెక్క:
కాదు. సోక్ పిట్ వాడుక నీళ్లకు. ఇది వాన నీళ్లకు.

వంక గట్టు:
మా ఊళ్లో రెండింటినీ ఇంకుడు గుంతే అంటారు.

మిద్దె తులసి:
ఎర్రమట్టే. మూడు సెంట్లే. బట్టలుతికిన నీళ్లు కూడా అందులోకే పోతాయి, అందరూ అలాగే ఇస్తారనుకున్నా.

మేస్త్రీ కొడుకు:
అదే జబ్బు. ఇసుక తీసి చూడండి.

మిద్దె తులసి:
తీశాను. అంగుళం మందాన బూడిదరంగు జిడ్డు, పారతో గీకితే పెచ్చులుగా లేస్తోంది. ఒకటే కంపు. దాని కింద కంకర మాత్రం శుభ్రంగానే ఉంది. ఉతికిన నీళ్ల పైపు ఇప్పుడే తీసేయించాను. థ్యాంక్స్ అన్నా.

మేస్త్రీ కొడుకు:
ఆ ఇసుక కడిగినా లాభం లేదు, కొత్తది పోయండి. గుంత గోడకు ఎంత దూరం? పదడుగులైనా ఉండాలి.

వంక గట్టు:
వంక సంగతి ఎవరూ మాట్లాడరేం?