పాతగుంటూరు ఇంట్లో రైలు పట్టా దూలం: ఇది ఏ లైనుది?

పాతగుంటూరు మనుమరాలు:
మా తాతగారు కట్టించిన మిద్దె ఇల్లు పడగొట్టిస్తున్నాము. హాలు కప్పును ఇన్నేళ్లూ మోసింది రైలు పట్టా అని నిన్ననే తెలిసింది. సున్నం పొరల కింద చెక్క దూలమే అనుకున్నాము. గోకితే పక్కన ‘ఎస్‌’, ‘ఎం’ అనే అక్షరాలు, తుప్పు తినేసిన మరో అక్షరం, ఆపైన 1888 కనిపించాయి. యుద్ధం రోజుల్లో మాచర్ల లైను పీకేస్తే ఆ పట్టాలు వేలంలో కొన్నానని తాతగారు చెప్పేవారట. అలా మూతపడిన లైను నిజంగా ఉండేదా? ఉంటే దాని స్టేషన్లు ఎక్కడ? పాత ఇనుము వ్యాపారి తూకం కూడా వేశాడు. 4.5 మీటర్ల ముక్క 112 కిలోలు తూగింది. రేపు తీసుకుపోతానంటున్నాడు.

నరసరావుపేట వాసి:
మా నాన్నగారూ ఇదే మాట అనేవారు. మీ తాతగారు చెప్పింది నిజమే అయి ఉంటుంది.

చిన్నలైను మనిషి:
అమ్మా, ముందు ఆ వ్యాపారిని ఆపండి. నేను రైల్వేలో పట్టాల పని చూసినవాణ్ణి, పదవీ విరమణ చేసి చాలా కాలమైంది. నరసరావుపేట వారు ఏమీ అనుకోకపోతే, ఆ యుద్ధం కథ మన ప్రాంతానిది కాదు. యుద్ధ అవసరాలకని పట్టాలు ఊడదీసింది కాకినాడ-కోటిపల్లి లైనులో. 1928లో వేశారు, యుద్ధ కాలంలో తీశారు, మళ్లీ రైలు నడిచింది 2004లో. ఆ కబురు ఊరూరా తిరిగి మాచర్లకు అంటుకున్నట్టుంది. మాచర్ల లైను 1930లో వచ్చింది. యుద్ధంలో దాన్ని ఎవరూ పీకలేదు.

ఇక మీ పట్టా సంగతి. 112 కిలోలను 4.5తో భాగించండి. మీటరుకు ఇంచుమించు 25 కిలోలు, అంటే పాత లెక్కలో గజానికి 50 పౌన్లు. అది చిన్నలైను పట్టా, అంటే రెండు పట్టాల మధ్య దూరం (గేజి) మీటరు ఉండే మీటరుగేజిది. పెద్దలైనులో పాత 90 పౌన్లదైనా మీటరుకు 45 కిలోల దాకా తూగుతుంది. 1888 నాటికి జంషెడ్‌పూర్ కర్మాగారమే లేదు కాబట్టి ఇది ఓడలో వచ్చిన ఇనుము. ఆ అక్షరాలు సదరన్ మరాఠా రైల్వేవి అయి ఉండాలి. 1908లో మద్రాసు రైల్వేతో కలిశాక ముందు మరో ‘ఎం’ చేరింది. ఆ సదరన్ మరాఠా వాళ్లే బళ్లారి వైపు నుంచి నంద్యాల, దొనకొండ, గుంటూరు మీదుగా బెజవాడకు చిన్నలైను వేశారు. 1890 నాటికి అది గోవాలోని మార్ముగోవా రేవు దాకా కలిసిపోయింది.

అయితే పట్టా మీద ఉన్న సంవత్సరం దాన్ని కర్మాగారంలో తయారుచేసిన సంవత్సరం. మొదట ఎక్కడ పరిచారో అది చెప్పదు. పెద్ద దారిలో అరిగిన పట్టాను తీసి కొమ్మ లైనులో పరుస్తారు. అక్కడా పనికిరాకపోతే బండ్లు నిలిపే పక్కదారిలో (సైడింగులో), చివరికి వేలంలో. కాబట్టి తాతగారు వేలంలో కొన్నది నిజమే కావచ్చు.

మూతపడిన లైను అడిగారు కదా. మన చిన్నలైను మూతపడలేదు, పెద్దలైను కింద కప్పబడిపోయింది. తొంభైలలో గేజి మార్చారు. 1,000 మిల్లీమీటర్ల దారి 1,676 అయింది. మీరు ఈరోజు నరసరావుపేట వెళ్లినా చాలావరకు ఆ పాత కట్ట మీదే వెళుతున్నారు. నిజంగా వదిలేసిన దారి చూడాలంటే నల్లమలకు వెళ్లండి. గిద్దలూరు, నంద్యాల మధ్య అడవిలో దొరబావి వంతెన ఉండేది. గేజి మార్పిడిలో దారిని పక్కకు మళ్లించారు. ఎత్తైన స్తంభాలు మాత్రం చెట్ల మధ్య మిగిలాయి. నాకు అదే మన లైనుకు అసలైన పాత స్టేషనులా అనిపిస్తుంది, అక్కడ ఏ బండీ ఆగకపోయినా.

ఆ మలుపుల దారిలో పనిచేసినవాళ్లకు పట్టా చూస్తే కొంత తెలుస్తుంది. చక్రాలు నడిచే పై భాగం, అంటే తల, ఒక పక్కనే అరిగిందా, రెండు పక్కలా అరిగిందా చూడండి. అక్షరాల మీద ఆమ్లం పోయవద్దు. కిరోసిన్ రాసి, ఇనుప బ్రష్షుతో నెమ్మదిగా రుద్ది, ఆరాక సుద్దముక్క పట్టించండి.

పాతగుంటూరు మనుమరాలు:
సుద్దముక్క పని చేసింది, మూడో అక్షరం ‘ఆర్’. తల రెండు పక్కలా అరిగింది, ఒక పక్క మరీ ఎక్కువగా. వ్యాపారి మిగతా మూడు దూలాలు తీసుకువెళ్లాడు. అక్షరాలున్న దాన్ని ఇవ్వనంటే, ‘తుప్పు ముక్కకు ఇంత పట్టుదలా’ అని నవ్వాడు.

చిన్నలైను మనిషి:
నవ్వనివ్వండి. మలుపులో బయటి పట్టాకు లోపలి పక్క అరుగుతుంది. బాగా అరిగాక దాన్ని తిప్పి రెండో పక్క చక్రాలకు ఇస్తాము. మీది అలా తిప్పిన పట్టా. ఎవరో గ్యాంగ్‌మన్లు, అంటే పట్టాల పని కూలీలు, భుజాల మీద మోసి తిప్పారు. చివర ఫిష్‌ప్లేటు (రెండు పట్టాలను కలిపే ఇనుప పలక) బోల్టుల రంధ్రాలు ఉన్నాయా? ఉంటే ఆ చివరను మాత్రం కోయించవద్దు.