డబ్బు తీసుకొని తీసిన పెళ్లి ఫొటోలపై హక్కు ఎవరిది?

పెళ్లికూతురి తండ్రి, ప్రొద్దుటూరు

మా అమ్మాయి పెళ్లి గత మాఘమాసంలో దేవుని కడపలో జరిగింది. పెళ్లికి ముందు గండికోటలో తీసిన ఫొటోలను స్టూడియోవారు మమ్మల్ని అడగకుండానే తమ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెట్టుకున్నారు. దానికి మేము పెద్దగా బాధపడలేదు. అయితే మంగళస్నానం వేళ ఇంటి ఆడవాళ్ల నడుమ తీసిన ఫొటో ఒకటి ఈ మధ్య వారి దుకాణం ముందు ఫ్లెక్సీగా వెలిసింది. తీసివేయమని కోరితే, కాపీరైట్ ఫొటో తీసినవారిదేననీ, ఆల్బమ్ ఇవ్వడంతో మాకు రావలసింది ముగిసిందనీ సమాధానమిచ్చారు. ఒప్పుకున్న మొత్తం పూర్తిగా చెల్లించిన మాకు ఆ ఫొటోలపై ఏ హక్కూ లేదా? ఒప్పంద పత్రం ఏదీ రాసుకోలేదు. అడ్వాన్సుకు ఇచ్చిన రసీదు మాత్రమే ఉంది.

స్టూడియో యజమాని, కడప

ఆ స్టూడియో నాది కాదు. మంగళస్నానం ఫొటోను వీధిలో పెట్టడాన్ని నేను సమర్థించను. కానీ కాపీరైట్ విషయంలో వారు చెప్పినది తప్పని అనలేను. 1957 నాటి కాపీరైట్ చట్టం 2వ సెక్షన్ ఫొటోకు కర్త దానిని తీసిన వ్యక్తేనని స్పష్టంగా చెబుతోంది. వెలుతురును చూసుకొని, తలంబ్రాల వేళ ఏ క్షణాన నవ్వు పూస్తుందో కనిపెట్టి తీసేది మేము. మునుపటి పెళ్లి ఫొటోలు చూడకుండా ఎవరూ మాకు మరొక పెళ్లి అప్పగించరు. పని చూపించుకునే హక్కు కూడా లేకపోతే కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చిన కుర్రవాడు దేనిని చూపి బేరం అడగాలి? అవే ఫొటోలను చుట్టాలందరూ వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు, మా గుర్తును కత్తిరించి మరీ పంచుతారు. వారినెవరూ ప్రశ్నించరు.

న్యాయవాది, కర్నూలు

యజమాని గారు ఉదహరించిన సెక్షన్ సరైనదే. అయితే కర్త ఎవరన్నది ఒక ప్రశ్న, కాపీరైట్‌కు తొలి యజమాని ఎవరన్నది వేరొక ప్రశ్న. రెండవదానికి 17వ సెక్షన్‌లో సమాధానముంది. కర్తే తొలి యజమాని అని మొదట చెప్పి, ఆ వెంటనే ఇచ్చిన మినహాయింపులలో ఒకటి సరిగ్గా మన వ్యవహారానికి సంబంధించినది: ఒకరు కోరగా, ప్రతిఫలం తీసుకొని తీసిన ఫొటోకు, అందుకు విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్న వ్యక్తే తొలి యజమాని. మన జిల్లాలలో పెళ్లి ఫొటోల బేరాలు ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తాయి కనుక, తెలియకుండానే కాపీరైట్ తీయించుకున్నవారి చేతిలో ఉండిపోతోంది. ఆ తరవాత స్టూడియో దానిని పొందాలంటే 19వ సెక్షన్ ప్రకారం సంతకంతో కూడిన రాతపూర్వక బదిలీ ఉండాలి. అడ్వాన్సు రసీదు వెనుక చిన్న అక్షరాలతో ఏదైనా అచ్చువేసి ఉంటే, దానిని మీకు చూపించి ఒప్పించారా లేదా అన్న వివాదం తప్పక వస్తుంది.

అయినా ఫొటోగ్రాఫర్‌కు ఏమీ మిగలదని అనుకోవద్దు. కాపీరైట్ ఎవరి చేతిలో ఉన్నా, కర్తగా చెప్పుకునే హక్కునూ, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా చిత్రాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కునూ 57వ సెక్షన్ ఆయనకే ఇచ్చింది. కనుక చుట్టాలు గుర్తును కత్తిరించడంపై ఆయన ఆవేదన న్యాయమైనదే. ఎవరూ డబ్బివ్వకుండా తన ఉత్సాహం కొద్దీ గండికోట లోయలో పెన్నను ఫొటో తీస్తే, ఆ కాపీరైట్ ఆయన జీవితకాలమంతా, ఆపైన మరో 60 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణకు ముందు ఫొటోలకు ప్రచురణ నుంచి 60 ఏళ్లే ఉండేది. ఫొటోగ్రఫీని తక్కువగా చూసిన ఆ తేడా తొలగడం నాకు సంతోషం కలిగించిన మార్పు.

ఇలాంటి ఫిర్యాదులలో చాలామంది ఐటీ చట్టం 66ఇ సెక్షన్‌ను ఉదహరిస్తారు. అది శరీర గోప్యభాగాల చిత్రాలకు పరిమితమైనది కనుక ఇక్కడ వర్తించదు.

ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్, అనంతపురం

దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరాన్ని ఫొటోలు తీసేవారిలో నేనొకడిని. నాకెవరూ డబ్బివ్వరు కనుక కాపీరైట్ నాదే. కానీ ఆ జనసముద్రంలో తల పగిలి నెత్తురోడుతున్న వ్యక్తి ముఖం స్పష్టంగా కనిపించే ఫొటోను ఆయన అనుమతి లేకుండా ప్రచురించవచ్చా? బహిరంగ ప్రదేశంలో గోప్యత ఉండదని మా వృత్తిలో అందరూ నమ్ముతారు.

న్యాయవాది, కర్నూలు

ఆ నమ్మకం ఇప్పుడు నిలవదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. బహిరంగ ప్రదేశంలో ఉన్నంత మాత్రాన మనిషి దానిని వదులుకున్నట్లు కాదని ఆ తీర్పులోనే ఉంది. వేలమంది పాల్గొన్న ఉత్సవాన్ని వార్తగా చూపడం వేరు, అదే గాయపడిన ముఖాన్ని వస్తువు అమ్మే ప్రకటనలో వాడడం వేరు. అనుమతి లేకుండా ఒకరి రూపాన్ని ప్రకటనలలో వాడడం గోప్యతకు భంగమని 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చెప్పింది. ప్రొద్దుటూరువారి ఫ్లెక్సీకి సూటిగా వర్తించేది ఇదే.

ఉపాధ్యాయురాలు, ఆదోని

ఇంతవరకు జరిగిన చర్చలో పెళ్లికూతురు ఏమంటున్నదో ఎవరూ అడగలేదు. డబ్బిచ్చి తీయించిన తండ్రి కాపీరైట్‌కు యజమాని కావచ్చు, కానీ ఆ ఫొటోలో ఉన్నది ఆమె. రేపు తండ్రి సంతకం చేసి స్టూడియోకు అనుమతి ఇచ్చినంత మాత్రాన ఆమె గోప్యతను ఆయన ఇచ్చివేసినట్లు అవుతుందా? ఇంటి పెద్ద మాటే అందరి మాట అన్న మన అలవాటును ఫొటోల విషయంలో కొనసాగించడం నాకు అన్యాయంగా తోస్తోంది. ఆ ఫొటోలో ఆమె పక్కన నిలబడిన పిన్నమ్మల, పసిపిల్లల సంగతి కూడా ఆలోచించాలి.

న్యాయవాది, కర్నూలు

మీ అభ్యంతరం బలమైనది. కాపీరైట్ యజమాని ఇచ్చిన అనుమతి, ఫొటోలో ఉన్న వ్యక్తి ఇవ్వవలసిన అనుమతికి ప్రత్యామ్నాయం కాదు. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం కుటుంబ అవసరాలకు వాడుకునేవారిని మినహాయించింది కానీ వ్యాపారం చేసే స్టూడియోను మినహాయించలేదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలి. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు ఆ తరవాత 18 నెలలకు అమలులోకి వస్తాయి.

స్టూడియో యజమాని, కడప

అయితే ఇకమీదట బుకింగ్ నాడే వధూవరుల సంతకాలు విడివిడిగా తీసుకుంటాను. ఏ ఫొటోలను ఎక్కడ వాడతామో అందులో రాస్తాను, స్నానం, అలంకరణ ఫొటోలను పూర్తిగా మినహాయిస్తాను. చుట్టాలందరి సంతకాలు తీసుకోవడం మాత్రం మాకు సాధ్యం కాదు. వారి ముఖాలు స్పష్టంగా కనిపించని ఫొటోలనే ఎంచుకుంటాను. కాపీరైట్ తమదేనని చెప్పి ఒరిజినల్ ఫైళ్లన్నీ ఇవ్వమంటే మాత్రం ఒప్పుకోలేను. అనుమతి ఇచ్చినవారు రెండేళ్ల తరవాత వద్దంటే అప్పటికే అచ్చయిన బ్రోచర్లను ఏం చేయాలి?

న్యాయవాది, కర్నూలు

కాపీరైట్ ఉన్నంత మాత్రాన ఫైళ్లు అప్పగించి తీరాలని 17వ సెక్షన్ చెప్పదు. అది బేరంలో తేల్చుకోవలసిన విషయం. ఇక అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని 2023 చట్టంలో ఉంది. అంతకుముందు అనుమతితో జరిగిన వాడకం దానివల్ల చట్టవిరుద్ధం కాదు, ఆ రోజు నుంచి మాత్రం ఆపాలి. ప్రొద్దుటూరువారు ముందుగా స్టూడియోకు రాతపూర్వక నోటీసు పంపాలి, దానిపై తండ్రితో పాటు కుమార్తె కూడా సంతకం చేయాలి. స్పందన లేకపోతే, కాపీరైట్ ఉల్లంఘనపై వాది నివసించే ప్రాంతపు జిల్లా న్యాయస్థానంలోనే దావా వేసే వీలు 62వ సెక్షన్‌లో ఉంది.